రెండు దెబ్బలు... ఆగి ఇంకొకటి

ఒట్టు వేయమంటే వేస్తాను. పిల్లల మీద మాత్రం అడక్కండి, ఈ విషయంలో వాళ్ల మీద వేయడానికి నాకు భయం. నా కళ్ల మీద వేసుకుంటున్నాను. ఆ రాత్రి తలుపు అవతల నుంచి చప్పుడు వచ్చింది. నేను విన్నాను. పక్కనే ఉన్న రమణ విన్నాడు. ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు... ఉంటే బాగుండేది.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఆగస్టు అది. నాది అమలాపురం దగ్గర. సాల్మియాలో టైల్స్ అమ్మే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఊళ్లో మాత్రం ఇంజనీరునని చెప్పుకునేవాణ్ని లెండి. రమణది రాజంపేట, మా ఆఫీసు వ్యాన్ డ్రైవరు. ఇద్దరం ఫర్వానియాలో ఇంకో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉండేవాళ్లం.

మా కఫీల్, అంటే మా యజమాని, కువైటీ పెద్దాయన. ఆఫీసు పక్క ఫ్లాటే ఆయన ఇల్లు. రెంటికీ మధ్య ఒక తలుపు. గడియ మా వైపు.

ఆఫీసులో ఉన్న కంప్యూటర్ ఒక్కటే. దానికో రోగం ఉండేది. వేడికి లోపలి డిస్కు బిగుసుకుపోయేది. స్విచ్ వేసి, డబ్బా పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి... కాస్త ఆగి ఇంకొకటి. అప్పుడు గుర్రుమని తిరిగేది. రోజూ పొద్దున్నే ఇదే తంతు. ఆ చప్పుడు వినగానే అవతల నుంచి పెద్దాయన కూడా అలాగే తలుపు తట్టేవాడు. రెండు... ఆగి ఒకటి. గడియ తీసేవాణ్ని. చేతుల్లో రెండు టీ గ్లాసులతో నవ్వుకుంటూ వచ్చేవాడు. ఒక గ్లాసు ఆయనకి, ఒకటి నాకు.

సైన్యం వచ్చాక ఆ ఫ్లాటు వెతికారు. ఎవరూ దొరకలేదట. బయట తాళం వేసి పోయారు. పెద్దాయన్ని ఊరవతల కబ్ద్‌లో ఆయన తోట దగ్గరే కాల్చేశారని రమణ ఎక్కడో విని వచ్చాడు. నిజమో కాదో ఎవరిని అడుగుతాం? కువైటీలను దాచినవాళ్లను కూడా కాల్చేస్తున్నారని అందరూ చెప్పుకునే రోజులు.

మాకు కావలసింది ఒక్కటే, ఎలాగైనా బయటపడటం. మా గదిలో వాళ్లందరికీ ఆ వ్యానే దిక్కు. దాని తాళాలేమో ఆఫీసు బిల్డింగు కింద కాపలా ఉన్న ఇరాకీ ఆఫీసరు లాక్కున్నాడు. కాళ్లావేళ్లా పడితే చివరికి ఒక బేరం పెట్టాడు. ఆఫీసులో కంప్యూటర్ అతనికి కావాలి. పనిచేస్తూ కావాలి. తెల్లారి వచ్చేసరికి తెర మీద అక్షరాలు కనిపిస్తే వ్యాన్ మాది. చీకటి పడ్డాక బయట తిరిగితే కాల్చేస్తారు కాబట్టి రాత్రంతా ఆఫీసులోనే ఉండమన్నాడు.

స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. తెర వెలిగింది... అంతే. డిస్కు ఉలుకూ పలుకూ లేదు.

మూత విప్పాను. తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాను. కార్డులు తీసి రబ్బరుతో రుద్దాను. లాభం లేదు. మధ్యలో కరెంటు పోయేది, వచ్చేది. ఏసీ లేదు. చెమట లోపల పడకుండా రమణ తువ్వాలుతో నా మొహం తుడుస్తున్నాడు.

"ఏందన్నా, ఊర్లో అందరికీ ఇంజనీరని సెప్పినావే! ఈ డబ్బాను లేపలేవా?"

"నోర్ముయ్యరా బాబూ. దాన్ని కొట్టాలి. కొడితే కిందోళ్లకి వినపడుద్దని చూత్తన్నాను."

"మెల్లిగా కొట్టన్నా. రొంత మెల్లిగా."

కొట్టాను. రెండు... ఆగి ఒకటి.

ఏమీ లేదు. ఇంకోసారి కొట్టాను. డబ్బాకి చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు.

అప్పుడు... వచ్చింది.

టక్... టక్...

...టక్.

నా చెయ్యి డబ్బా మీద లేదు. ఒళ్లోనే ఉంది. రమణ వైపు చూశాను. వాడు నా చెయ్యి వైపే చూస్తున్నాడు.

"నువ్వు కొట్టలే గదన్నా..."

ఆ క్షణానే డబ్బాలో గుర్రుమంది. డిస్కు తిరిగింది! నేను ముట్టుకోలేదు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చి తేదీ అడిగాయి. ఎప్పుడో పదేళ్ల కిందటి తేదీ చూపించి, ఇదేనా అని అడుగుతోంది. కింద గీత ఆరుతూ... వెలుగుతూ...

మళ్లీ టక్... టక్... టక్. తలుపు నుంచే. ఈసారి ఇంకా కిందినుంచి వచ్చింది, నేల దగ్గర నుంచి. మెల్లిగా. గోటితోనో, ఉంగరంతోనో తట్టినట్టు. పెద్దాయన వేలికి వెండి ఉంగరం ఉండేది.

రమణ లేచాడు. "పెద్దాయనన్నా! ఆయన తట్టే తట్టుడే ఇది. గడియ తీస్తా."

వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానంటే, మర్నాటికి వాడి మణికట్టు కమిలిపోయింది.

"ఆయన్ని కబ్ద్‌లో కాల్చేశారని నువ్వే కదరా చెప్పావు? చచ్చినోడు తలుపు కొడితే తీత్తావా?"

వాడు అక్కడే కూలబడి ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు. నేనూ దెయ్యమే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. దెయ్యం కాకపోతే? ఆయన బతికే ఉండి, వెతికినవాళ్ల కంటపడకుండా ఏ మూలో నక్కి ఉంటే? నేను రోజూ కొట్టే దెబ్బలు విని, మనవాడొచ్చాడని పాక్కుంటూ వచ్చి ఉంటే? గడియ తీస్తే, తెల్లారి ఆఫీసరు వస్తాడు. వ్యాన్ పోతుంది. మేమూ పోతాం.

భయంతో బుర్ర పనిచేయలేదని చెప్పుకుంటే సిగ్గు కొంత తగ్గేది. బాగానే పనిచేసింది.

ఫైళ్ల బీరువాను నెట్టుకుంటూ వెళ్లి ఆ తలుపుకి అడ్డం పెట్టాను. నేనే. ఒక్కణ్నే. అది నేల మీద కీచుమంటూ జరుగుతుంటే అవతల చప్పుడు ఆగింది. తర్వాత తలుపుకి ఏదో బరువుగా ఆనుకున్నట్టు, కిర్ర్... మని ఒక మోత. అంతే. కాసేపటికి మళ్లీ టక్... టక్... టక్. రాత్రంతా. నేను తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని, కరెంటు పోకూడదని దేవుణ్ని మొక్కుతూ, ఆ గీత వెలిగి ఆరడం చూస్తూ ఉన్నాను.

తెల్లవారుతుండగా మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది.

టక్... టక్...

మూడోది రాలేదు.

ఆఫీసరు వచ్చి తెర చూసి, పని అయిపోయిందా అన్నట్టు తల ఊపాడు. "ఖలాస్?"

"ఖలాస్, సార్."

బీరువా వైపు వేలు చూపించి, వెనకాల ఏముందని అడిగాడు. స్టోరు, ఏమీ లేదన్నాను. ఆ అబద్ధం పెద్దాయన్ని కాపాడటానికే చెప్పానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదండీ. వ్యాన్ కోసం చెప్పాను.

ఇద్దరు సైనికులు కంప్యూటర్ మోసుకుపోయారు. తాళాలు మా చేతికొచ్చాయి. ఆఫీసరు కిందికి దిగాక గదిలో మేమిద్దరమే. బీరువా పక్కకి జరిపి గడియ లాగడానికి క్షణం చాలు. రమణ నా మొహం చూశాడు. "యల్లా, పదరా," అన్నాను. మెట్లు దిగుతుంటే వాడు వెనక్కి తిరిగి చూశాడు. నేను చూడలేదు.

పెద్దాయన ఏమయ్యాడో మాకు తెలియదు. అడగటానికి నేను మళ్లీ ఆ దేశం పోలేదు. ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే మా అబ్బాయి విసుగొచ్చి దాన్ని రెండు బాదుతాడు. నేను లేచి వీధిలోకి వెళ్లిపోతాను. మా ఆవిడ నాకు చాదస్తం అంటుంది. అననిస్తాను.

రమణ ఇప్పటికీ రాజంపేట నుంచి ఫోన్ చేస్తాడు. అన్ని కబుర్లూ అయ్యాక, పెట్టేసే ముందు, ప్రతిసారీ ఒకటే మాట.

"అన్నా, అది దెయ్యమే గదా?"

"దెయ్యమేరా," అంటాను.

దెయ్యమైతే సైనికుల బూట్ల చప్పుడుకి ఎందుకు ఆగిపోయిందని వాడు ఇంతవరకూ అడగలేదు. అడుగుతాడేమోనని ప్రతిసారీ నేనే ముందు ఫోన్ పెట్టేస్తాను.