మిరప తుమ్ము

వినుకొండ నుంచి గుంటూరు వచ్చే బస్సులో వెనకంతా మిరపకాయల బస్తాలు. అందరూ తుమ్ముతుంటే నేనొక్కదాన్నే వాంతి చేసుకున్నాను.

"ఘాటండీ," అన్నాను, పక్కనున్న పెద్దావిడతో.

"ఘాటుకి తుమ్ములొస్తయ్ గానీ వాంతులేందమ్మాయ్? నెల తప్పిందా?"

నెల తప్పిన మాట నిజమే. పరీక్ష చేసుకుందామంటే ధైర్యం కూడా తప్పింది. పోయినసారి రెండు గీతలు కనపడగానే ఊరంతా చాటుకున్నాను. మూడో నెలలో గర్భం పోయింది. అందుకే ఈసారి ఎండనీ, అలసటనీ, చివరికి మిరపకాయల్నీ నిందిస్తూ కాలం గడుపుతున్నాను.

"మళ్లీ పోతుందేమోనని భయమండీ."

"చూసుకోకపోతే ఉండిద్దా? దిగంగానే మందుల షాపుకెళ్లు. ఔనని తేలితే డాక్టరమ్మకి చూపించుకో."

గుంటూరులో దిగబోతుంటే ఆమె గట్టిగా తుమ్మింది. అపశకునానికి జడిసి మెట్టు మీదే ఆగిపోయాను.

"మిరప తుమ్ముకి శకునం లేదమ్మా, పో," అంది ముక్కు తుడుచుకుంటూ.

వెళ్లాను. ఇప్పుడు బయల్దేరేటప్పుడు మా పాప తుమ్మినా ఆగను.