మైకక్కయ్య గొంతు

బస్టాండులో ఆమె అసలు పేరు జీతాల కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ మైకక్కయ్యే. ముప్పై ఒక్కేళ్ళపాటు అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పింది. పక్క కిటికీలో విచారణల గుమస్తాను నేను. ఆమె సెలవు పెట్టిన రోజున మైకు నాకిచ్చేవారు. ఆ రోజు జనం నన్ను భరించేవారు, అంతే.

యాభై ఎనిమిదో ఏట ఆమె గొంతు బొంగురుపోయింది. అంతకు ముందే నాకు గొంతునొప్పి వచ్చి తగ్గింది. వాడగా మిగిలిన పుక్కిలింత మందు, గోధుమరంగుది, తెచ్చిచ్చాను.

"రోజుకు రెండుసార్లు పుక్కిలించక్కయ్యా, ఇట్టే తగ్గిపోతుంది" అన్నాను. సలహాలివ్వడంలో నన్ను మించినవాళ్ళు ఆఫీసులో లేరు మరి. కొద్దిరోజులకు మించి వాడొద్దని సీసా మీద రాసే ఉంది. అంత సన్నటి అక్షరాలు ఆమెకు ఆనవు. నేను చదవలేదు.

ఆ సీసా అయిపోతే ఆమె ఇంకోటి కొనుక్కుంది. రెండుసార్లు కాస్తా ఐదుసార్లయింది. లోపల కూడా శుభ్రపడుతుందని చివర్లో ఓ గుటక మింగేది. గొంతు ఇంకా మొద్దుబారింది, ఆమె ఇంకా పుక్కిలించింది. ఏడాది తిరిగేసరికి మొహం ఉబ్బింది. మండుటెండల్లో స్వెట్టరు వేసుకునేది, మధ్యాహ్నం కుర్చీలోనే జోగేది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం అందరం. ఆమె కూడా అదే అనుకుంది.

ఒకరోజు ఆమె చెప్పింది ఒక్క ముక్కా అర్థంకాక ఇరవై మందికి బస్సు తప్పిపోయింది. మేనేజరు ఆమెను సామాన్ల గదికి మార్చి, నన్ను మైకు ముందు కూర్చోబెట్టాడు. ఆమె ఒక్కటే కోరింది.

"గొంతు బాగుపడితే నా కుర్చీ నాకివ్వండి సార్. రిటైరయ్యేది అందులోంచే అవుతాను."

ఆయన సరేనన్నాడు. ఇంకా పది నెలలుంది.

కోడలు ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. రక్తపరీక్షలో థైరాయిడ్ మందగించిందని తేలింది. డాక్టరమ్మ ఉప్పు గురించి అడిగింది, మాత్రల గురించి అడిగింది. చివరికి చేతిసంచిలోంచి సీసా బయటికొచ్చింది.

"ఇందులో ఉన్నది అయోడినమ్మా. థైరాయిడ్‌కి అది కావాలి, కానీ ఉప్పులో వచ్చేది సరిపోతుంది. మీరు ఏడాదిపాటు దాన్ని ముంచెత్తారు. ఈ వయసులో తట్టుకోలేక పని తగ్గించేసింది. ముందు ఇది మానేయండి. కొన్నాళ్ళు మాత్రలు వేసుకోండి."

"గొంతు వస్తుందా?"

"రావచ్చు. చూద్దాం. ఇంతకీ ఇది వాడమని ఎవరు చెప్పారు?"

"నేనే కొనుక్కున్నాను" అంది అక్కయ్య, నా వైపు చూడకుండా.

ఏడు నెలలు పట్టింది కానీ గొంతు వచ్చింది. పెట్టె మరిచిపోయి వెళ్తున్న ఒకాయన్ని ఆమె సామాన్ల గదిలోంచి కేకేస్తే బస్టాండంతా తిరిగి చూసింది. మర్నాడు మేనేజరు మా ఇద్దరినీ పిలిచాడు. అప్పటికి నాకు ఆ కుర్చీ అలవాటైపోయింది. కూరగాయల దుకాణంలో నన్ను గొంతుతో గుర్తుపడుతున్నారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, అది నాకు బాగా నచ్చింది.

"మాటిచ్చాను కదా" అని ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు? నీకు ఇబ్బంది లేదంటే రేపట్నుంచే అక్కయ్యను కూర్చోబెడదాం."

ఇబ్బందేం లేదంటే సరిపోయేది. "మీ ఇష్టం సార్" అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. ఆయన కాసేపు నసిగి, మూడు నెలల కోసం మళ్ళీ మార్పులెందుకులే అన్నాడు. అక్కయ్య తలూపి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు ఆమె సామాన్ల గది తాళాలు అప్పగించి, వెళ్తూ వెళ్తూ అద్దాల గదిలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని.

"నంబరు చెప్పాక కాస్త ఆగి, మళ్ళీ ఒకసారి చెప్పు" అంది. గొంతు ఖంగుమంటోంది. "పెద్దవాళ్ళు గబగబా లేచి రాలేరు."

ఐదున్నర బస్సుకు వేళయింది. ఆమె వినడానికి అక్కడే నిలబడింది. మైకు మీట నొక్కాను. నా గొంతు పెగల్లేదు.