ఆ మలుపు దగ్గర హారన్ పలకలేదు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేకపోవడానికి కారణం నా ఉద్యోగమే. నర్సీపట్నంలో ఉంటూ, యాక్సిడెంట్ అయిన బండ్లు చూసి ఇన్సూరెన్స్‌కి రిపోర్టు రాసే సర్వేయర్‌ని. చింతపల్లి ఘాట్‌లో బండి బోల్తా కొట్టించిన ప్రతి డ్రైవరూ "ఏదో తెల్లగా అడ్డొచ్చింది సార్" అంటాడు. దగ్గరికెళ్తే నోరు గుప్పుమంటుంది. ఇంకెక్కడి దెయ్యం, నా మొహం!

కిందటేడాది చలికాలంలో జార్జియా వెళ్ళాం. అమెరికాలోది కాదు, అదో చిన్న కొండల దేశం. సీజన్ అయిపోయాక వెళ్తే రద్దీ ఉండదని నేనే పట్టుబట్టాను. మా ఆవిడ సునీత వద్దంది. మా పాప చిన్నికి ఏడేళ్ళు, చలి తగిలితే ఆయాసం వస్తుంది. మా అత్తగారైతే ఫోన్లోనే దులిపేశారు. "సలికాలంలో సలిదేశం ఎవులైనా ఎల్తారేటి బాబూ?" ఇన్‌హేలర్ ఉందిగా అని అందరి నోళ్ళూ మూయించాను.

నాలుగు రోజులు కారు అద్దెకు తీసుకుని హాయిగా తిరిగాం. పసుప్పచ్చగా మారిన అడవులు, రోడ్డు పక్కనే ఏరు, మూసేసిన హోటళ్ళు. గంటకో గొర్రెల మంద తప్ప ఎదురొచ్చేవాళ్ళే లేరు. నేను చెప్పానా లేదా అని సునీత దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఐదోరోజు ఓ కొండ ఊళ్ళో ఉన్నాం. పొద్దున్న లేచేసరికి చిన్ని ఛాతీలో పిల్లికూతలు. ఇన్‌హేలర్ రెండుసార్లు నొక్కేసరికి అయిపోయింది. కొత్తది సంచిలో లేదు. నర్సీపట్నంలో, మా ఇంట్లో, ఫ్రిజ్ మీద ఉండిపోయింది. సునీత నావైపు చూడకుండా పాపకి స్వెట్టరు తొడిగింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆసుపత్రి కింద టౌన్లో ఉంది. నలభై కిలోమీటర్లు, ఒకటే రోడ్డు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. పొద్దున్న పది దాటినా పొగమంచు వదల్లేదు. బానెట్ అవతల ఏమీ కనబడడం లేదు.

మా ఘాట్‌లో ఒక పద్ధతుంది. మలుపు రాగానే హారన్ కొట్టాలి. అవతల్నించి బదులొస్తే, దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి. బదులు రాకపోతే రోడ్డు ఖాళీ, పోవచ్చు. ఆ దేశంలో ఈ పద్ధతి ఉందో లేదో తెలీదు. అయినా చెయ్యి అలవాటు మానదు కదా, ప్రతి మలుపులోనూ కొడుతున్నాను.

నాలుగో మలుపులో బదులొచ్చింది. పాత లారీ హారన్, బొంగురుగా, సాగదీసినట్టు. నేను కొండవైపు ఆనించి ఆగాను. నిమిషం అయింది, రెండయ్యాయి. ఏ బండీ రాలేదు. మెల్లగా మలుపు తిరిగితే ఎవరూ లేరు. పక్కదారి కూడా లేదు.

తర్వాతి మలుపులోనూ అంతే. ఆ తర్వాత కూడా. ఆరుసార్లు పలికింది, ఆరుసార్లూ ఆగాను. వెనక సీట్లో వాళ్ళమ్మ ఒళ్ళో చిన్ని భుజాలెగరేస్తూ ఊపిరి లాగుతోంది. సునీత ఏడుస్తూ అరిచింది. "ఆపకండీ బాబూ, బేగి పోనీండి! పిల్ల పెదాలు సూడండి, నీలంగా అయిపోతన్నాయి!"

తర్వాతి మలుపులో కొట్టాను. పలకలేదు. మళ్ళీ కొట్టాను. లేదు. హమ్మయ్య, రోడ్డు ఖాళీ అనుకుని స్పీడు పెంచబోయాను.

సునీత వెనకనుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఆగండి. ఈసారి పలకలేదు." అంతవరకూ పోనీమన్నది తనే! నాకు ఒళ్ళు మండిపోయింది. పలక్కపోతేనే కదా పోవాలి? కానీ ఆ గొంతు వినేసరికి కాలు దానంతటదే బ్రేకు మీదకెళ్ళింది.

దిగి నడిచాను. నలభై అడుగులు వేసేసరికి ముందు రోడ్డు లేదు. లోయవైపు సగం పైగా జారిపోయింది. అంచునుంచి మట్టి ఇంకా రాలుతోంది.

కొండవైపు మిగిలిన రోడ్డుని పాదాలతో కొలిచాను. కారుకి సరిగ్గా సరిపోతుంది, ఇంకో జానెడు ఎక్కువేమో. సునీత పాపని భుజాన వేసుకుని ముందు దాటింది. నేను తలుపులు కొండకి గీసుకుంటూ కారు దాటించాను. ఆ అర నిమిషం ఏ దేవుణ్ణి తలచుకున్నానో కూడా గుర్తులేదు.

అవతల రోడ్డంతా సన్నగా మంచు పరుచుకుని ఉంది. టైరు గుర్తులు చూడడమే నా బతుకు కాబట్టి చెబుతున్నాను, టౌను దాకా దానిమీద ఒక్క గుర్తు లేదు. దారిలో హారన్ మళ్ళీ వినబడలేదు కూడా.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రానికి చిన్ని బిస్కెట్లడిగింది. నేను బయటికెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాను.

కొండల్లో నా హారనే మార్మోగిందేమో అని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. నాది చిన్న కారు, హారన్ పీలగా ఉంటుంది. పోనీ మార్మోగిందే అనుకుందాం, ఆ ఒక్క మలుపులో ఎందుకు మార్మోగలేదు?

ఆ హారన్ ఎదురుగా వస్తున్న బండిదనే నేనూ సునీతా అనుకున్నాం. ఆ రాత్రి మంచం మీద చిన్ని అడిగింది. "నాన్నా, మన ముందెళ్ళిన లారీ వాళ్ళకి ఏటీ అవ్వలేదు కదా?"

ముందెళ్ళిన లారీ. మలుపు మలుపుకీ మాకంటే ఒక మలుపు ముందు పలుకుతూ, ఆ రోడ్డు తెగినచోట ఆగిపోయిన లారీ. అక్కడ నిలబడి రోడ్డు కొలుచుకున్నానే గానీ, లోయలోకి తొంగి చూడలేదు.

మర్నాడు డాక్టరమ్మ చేత పోలీసులకి చెప్పించాను. వెళ్ళి వెతికారు. లోయలో ఏమీ లేదన్నారు, ఆ దారిలో లారీలు తిరిగి చాలా కాలమైందన్నారు.

ఆ రాత్రి మాత్రం చిన్ని నా మొహంలోకే చూస్తోంది. "ఏమీ అవ్వలేదమ్మా, ఇంటికెళ్ళిపోయారు" అన్నాను. అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలీదు.