తలెత్తిన మామ

మా వాడలోని మామ పేరు చెబితే నాకు ముందు గుర్తొచ్చేది పైకెత్తిన గడ్డం. చిన్నప్పటినుంచీ అడవిలో వంగి వెదురు నరికిన మనిషి. వెదురు పని ఆగిపోయిన ఏడాది, చండ్రుగొండ వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాళ్లు కావాలన్నారు. ఆ పనేమో తలెత్తి చేయాలి. మామ పొడుగు కర్రకు కొడవలి కట్టి, వాడలోని మునగచెట్ల మీద నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంటింటా రోజూ మునక్కాయ పులుసే.

"మామా, పని పోయింది నీకు. శిక్ష మాకా?" అన్నాను.

"నవ్వు అల్లుడా, నవ్వు. ఈ పని గిట్ల దొరకకుంటే ఇంటికి తాళమేసి అందరం వలస పోవుడే," అన్నాడు తల దించకుండా.

తోటలో మేస్త్రీ పరీక్ష పెట్టిన రోజు వినోదం చూద్దామని వెంట వెళ్లాను. మామ ఒక్క లాగు లాగితే మట్ట తెగింది. ఇంకో లాగుకు గెల ఊడి మేస్త్రీ కాళ్ల ముందు పడింది. మేస్త్రీ వెనక్కి గెంతాడు.

"ఎన్నేండ్ల సంది కోస్తున్నవే పెద్దాయనా?"

"ఇయ్యాల్టి సందే."

మేస్త్రీ నవ్వి, "రేపు పొద్దుగాల జల్దీ రా," అన్నాడు.

తల నెరిసిన మామ ఆ 'ఇయ్యాల్టి సందే' అన్న మాట ఎంత ధీమాగా అన్నాడో! నా దగ్గర జోకు సిద్ధంగానే ఉంది. వేయబుద్ధి కాలేదు.