దండాలు అందుకున్న ఫ్రీక్వెన్సీ

మర్యాద అంటే నాకిప్పుడు కంపరం. ఫోన్‌లో రెండు చేతుల దండం బొమ్మ కనిపిస్తే చాలు, ఒళ్ళు మండుతుంది.

మా హామ్ రేడియో బృందంలో ఏడుగురం. గోదావరికి వరదొచ్చి ఫోన్లు మూగబోతే, రేడియో సెట్టుకి కంప్యూటర్ తగిలించి, టైపు చేసిన మాటలు ఒకరికొకరం పంపుకుంటాం. ఎక్కడ కలవాలో సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీల జాబితా ఉంటుంది. అందులో ఒక వరుస మీద నొక్కితే సెట్టు దానంతటదే అక్కడికి వెళ్తుంది. రామచంద్రపురంలో ఉండే నేను అందరిలోకీ పెద్దవాణ్ణి గనక ఆ జాబితా మీద పెత్తనం నాది.

మొన్నటి వరదకు పది రోజుల ముందు, పాత ఫ్రీక్వెన్సీలో రొద ఎక్కువైందని దాన్ని తీసేశాను. ఖాళీగా కనిపించిన చోట కొత్తది పెట్టి, ఫైలు గ్రూపులో వేసి, అందరూ ఇదే ఎక్కించుకోండని రాశాను. గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య ఆరు దండాలు వచ్చాయి. పనైపోయిందనుకున్నాను. ఆరుగురిలో ఒక్కరినైనా అక్కడికి పిలిచి చూడలేదు.

వరదొచ్చింది. ఫోన్లు పోయాయి. ఉదయం నుంచి కొత్త ఫ్రీక్వెన్సీలో కూర్చుంటే తెర మీద ఒక్క అక్షరం పడలేదు. పాతది జాబితాలో లేదు గనక నా బుర్రలోనూ లేదు. ఇలాంటప్పుడు కూడా సెట్లు ఆన్ చెయ్యని సోమరిపోతులని మా ఆవిడ దగ్గర అందరినీ దులిపేశాను. కాఫీ తాగుతూ మరీ తిట్టాను. ఆ తిట్లు తలచుకుంటే నా మీద నాకే రోత.

మర్నాడు మధ్యాహ్నం సిగ్నల్ రాగానే మా నరసాపురం సభ్యుడు ఫోన్ చేశాడు. గోదావరి మధ్య లంకలో ఉండే మా సభ్యురాలు, రిటైరైన టీచరు, నిన్న పొద్దుటి నుంచి పాత ఫ్రీక్వెన్సీలో నన్ను పిలుస్తూనే ఉన్నారట. ఇంట్లో భర్తకు ఇన్సులిన్ అయిపోయింది. ఇవాళ ఉదయానికి ఇతనే పలికి, అధికారులకు కబురందిస్తే పడవ వెళ్ళింది. ఆయన్ని స్పృహలేకుండా రాజమండ్రి ఆసుపత్రికి చేర్చారు.

నిన్నటి నుంచీ వింటూ ఇవాళ పలకడమేంటని అడిగాను.

"ఆవిడ మిమ్మల్ని పిలుస్తుంటే మధ్యలో మేం దూరితే ఏం బాగుంటుందండీ?"

కొత్త ఫ్రీక్వెన్సీని ఎవరూ ఎక్కించుకోలేదట. అది గొంతుతో మాట్లాడుకునేవాళ్ళ చోటు, మన టైపు సంకేతాలు అక్కడ పంపకూడదు. నేను చూసుకోలేదు, ఆరుగురూ చూశారు. "పెద్దవారు, తప్పని మీకెలా చెబుతామండీ? మీరే చూసుకుని వెనక్కొచ్చేసి ఉంటారనుకున్నాం" అన్నాడు.

ఆరు దండాలు పెట్టడానికి చేతులొచ్చాయి, ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. చెప్పి ఉంటే నేను విరుచుకుపడేవాణ్ణే. అది కూడా వాళ్ళకు తెలుసు. అసలు అసహ్యం అక్కడే ఉంది.

నాలుగో రోజున ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన లేచి కూర్చున్నారు. టీచరుగారు నన్ను చూసి కుర్చీ జరిపారు. జరిగిందంతా చెప్పి, నేను పలకనప్పుడు ఇంకెవరినైనా పిలవాల్సిందండీ అన్నాను.

"మీరు వింటూనే ఉంటారనుకున్నానండి" అన్నారావిడ. "మాకన్నా ఆపదలో ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నారేమో, అయ్యాక పలుకుతారులే అని ఆయనకి చెబుతూ కూర్చున్నాను."