విడిచి వెళ్ళాల్సింది ఎవరు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని ప్రార్థనమందిరంలో అందరూ రెండోగొంతు అనేవాళ్ళు. పైదేశాల నుంచి వచ్చే బోధకులు తమ భాషలో ఒక వాక్యం చెప్పి ఆగితే, పక్కన నిలబడి దాన్ని తెలుగులో చెప్పేది ఆయనే. చిన్నప్పుడు ఓ బోధకుడి ఇంట్లో ఉండి చదువుకున్నాడు, ఆ భాష అక్కడ అబ్బింది. ఆదివారం పొద్దున్నే గోళ్ళ సందుల్లో మడ్డి కిరసనాయిలుతో కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వేదిక ఎక్కితే, వారమంతా "ఏమయ్యా, మిషను ఇంకా కాలేదా" అని కసిరినవాళ్ళే నోరు మూసుకుని వినేవాళ్ళు. ఆ గంటసేపటి కోసమే ఆయన మిగతా ఆరు రోజులూ నెట్టుకొచ్చేవాడు. "ఈ ముక్క నాకు తెలీదు" అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు.

అయితే ఆ పని చూసేవాళ్ళు అనుకున్నంత తేలికేం కాదు. చుట్టరికాల దగ్గరకొచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చేది. ఇతను ఫలానావాడి సోదరుడని బోధకుడు అంటాడు. అన్నా, తమ్ముడా? ఆ భాషలో ఇద్దరికీ ఒకటే మాటాయె. మనవాళ్ళకేమో అది తేలందే కథ కదలదు. ముందు వరసలో కూర్చునే ముసలావిడ "పెద్దాడా, చిన్నాడా నాయనా?" అని అడగనే అడిగింది. బోధకుణ్ణి అడిగితే తెల్లమొహం వేశాడు. ఇక లాభం లేదని ఆయనే తేల్చేశాడు, బుద్ధిమంతుడైతే అన్న, తిక్కవేషాలు వేస్తే తమ్ముడు. మరోచోట కొడుకు కన్నతల్లిని పట్టుకుని పరాయి ఆడమనిషిని పిలిచినట్టు పిలుస్తాడు. అక్కడ అది మర్యాదేనట. మనకి మాత్రం వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఆయన దానికి "అమ్మా" అని తగిలించాడు. ఇంతవరకూ తప్పు పట్టడానికేం లేదు, మీరైనా నేనైనా అదే చేస్తాం.

తప్పు పెళ్ళి దగ్గర మొదలైంది. గ్రంథంలో పెళ్ళికి చదివే భాగంలో, మగవాడు తన తల్లినీ తండ్రినీ విడిచి భార్యతో కలిసి ఉంటాడని ఉంది. మగవాడే, ఆడది కాదు. ఆయన మొదటిసారి నిలబడ్డ పెళ్ళిలో బోధకుడు ఆ మాట చెప్పి ఆగాడు. ఎదురుగా పెళ్ళికొడుకు తల్లి, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, కొడుకు మీంచి చూపు తిప్పడం లేదు. ఆవిడ మొహం మీద ఆ మాట ఎలా అంటాడు? "ఆడపిల్ల పుట్టింటిని విడిచి భర్త ఇంటిని తన ఇల్లు చేసుకోవాలి" అనేశాడు. హాలంతా తలలూపింది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తల్లి ఆయనకి స్వయంగా వడ్డించింది. అంతే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు, ఎవరింట పెళ్ళైనా రెండోగొంతు ఉండి తీరాలన్నారు. తెలుగులో అచ్చైన గ్రంథం ఇంటింటికీ ఉంది, అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది. చదివినవాళ్ళు ఆ వాక్యం దగ్గర ఓ క్షణం ఆగి, ఏదో లోతైన అర్థం ఉంటుందిలే అని పేజీ తిప్పేసేవాళ్ళు.

ఆఖరికి సొంత కూతురి పెళ్ళిలోనూ అదే చెప్పాడు పెద్దమనిషి. గొంతు ఎక్కడా వణకలేదు. బాగా చెప్పావని పదిమంది మెచ్చుకుంటే సంబరపడ్డాడు కూడా.

ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు. అత్తగారింట్లో రెండు గదులు, ఏడుగురు మనుషులు. నైట్‌డ్యూటీ చేసి వచ్చి వంటగదిలో చాప పరుచుకుంటే, అందరూ ఆ పిల్లని దాటుకుంటూ గిన్నెలు తీసుకునేవాళ్ళు. మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. కంటినిండా నిద్ర లేకపోతే ఇదీ నిలవదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఆస్పత్రి వెనకవీధిలో ఒక గది అద్దెకి దొరికింది, ఇంటావిడ సోమవారం దాకా ఆగుతానంది. మొగుడు చెడ్డవాడేం కాదు, తల్లి ముందు నోరు పెగలని రకం. "సంఘపెద్దలు సరేనంటే వస్తాను" అన్నాడు.

పిల్ల పుస్తకం పట్టుకుని తండ్రి కొట్టుకి వచ్చింది. "నాన్నా, ఇందులో విడిచి రావాల్సింది మగవాడని ఉందేంటి?"

ఆయన చేతిలో పానా బల్లమీద పెట్టాడు. "పెద్దల దగ్గర నేను చెప్తాలే తల్లీ" అన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మందిరం వెనకగదిలో కూర్చున్నారు. పెద్దలు ముగ్గురు, వియ్యపురాలు, అల్లుడు, పిల్ల. ఆయన నిలబడే చెప్పాడు. "ఇన్నేళ్ళూ నేను తిప్పి చెప్పాను. గ్రంథంలో ఉన్నది మగవాడు విడవాలని. అల్లుడుగారు వేరుకాపురం పెడితే తప్పు కాదు. తప్పంతా నాది."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆయనకే తెలుసు. కానీ విన్నదెవరు? వియ్యపురాలు సన్నగా నవ్వింది. "అన్నయ్యగారూ, కూతురంటే ప్రేమ ఉండొచ్చు. అందుకని గ్రంథాన్నే మార్చేస్తారా?"

"మార్చింది అప్పుడు చెల్లెమ్మా, ఇప్పుడు కాదు" అంటూ ఆయన పుస్తకం తెరిచి పెద్దాయన ముందు పెట్టాడు.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. చదివి మూసేశాడు. "అచ్చులో ఉంటుందయ్యా, కాదన్నదెవరు? దాని అర్థం మాకు చెప్పింది నువ్వు కాదూ? నా ముగ్గురు కొడుకుల పెళ్ళిళ్ళలో చెప్పావే. అదంతా అబద్ధమూ, నీ పిల్ల దాకా వచ్చేసరికి ఇది నిజమూనా?"

ఆ పక్కాయన ఇంకో అడుగు ముందుకేసి, మగవాడు విడవడమంటే పసితనం విడవడమని తేల్చాడు. అందరికీ అది బాగా నచ్చింది. అల్లుడు చెప్పులకేసి చూస్తూ, "పెళ్ళిలో మావయ్యగారు చెప్పినట్టే ఉందాం" అని గొణిగాడు. ముప్పై ఏళ్ళు తప్పు చెబితే నెత్తిన పెట్టుకున్నవాళ్ళు, ఒక్కసారి నిజం చెబితే నవ్వారు. కడుపు మండదూ?

వరండాలో పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

"నాన్నా, ఒక్కటి చెప్పు. నా పెళ్ళినాటికి నీకిది తెలీదు కదా? బోధకుడి మాట సరిగ్గా అర్థంకాక అలా చెప్పుంటావు. అంతేనా?"

ఊ అంటే చాలు. ఆ పిల్ల అడిగింది ఆ ఒక్క ఊ కోసమే.

"నాకు అర్థంకాకపోవడమేంటమ్మా" అన్నాడాయన. "అక్షరమక్షరం తెలుసు."

అన్నాక గానీ ఏమన్నాడో ఆయన బుర్రకెక్కలేదు. పిల్ల చెయ్యి వదిలేసింది. అత్తగారు మెట్లు దిగుతుంటే వెనకాలే దిగింది.

మర్నాడు ఆ గది ఇంకెవరికో ఇచ్చేశారు. నెల తిరక్కుండా ఆ కడుపూ పోయింది. కబురు తెలిసి ఆయన మడ్డి చేతులతోనే ఆస్పత్రికి పరిగెత్తాడు. వార్డు గుమ్మంలో కొత్తగా చేరిన నర్సు అడ్డం నిలబడింది.

"మీరేమవుతారండీ?"

"తండ్రిని."

ఆ నర్సు చేతిలో కాగితం చూసుకుని, మళ్ళీ ఆయన మొహం చూసింది. "పుట్టింటివాళ్ళెవరూ లేరని రాయించిందే మరి."