కుప్పంలో తప్పిపోయిన ఆవిరి

2007 వేసవి. తోతాపురి మామిడికాయల లారీలు కుప్పం రోడ్డు మీద బారులు తీరిన కాలం. నేను మదనపల్లెలో కాపురముంటూ ఎనర్జీ ఆడిటర్‌గా తిరుగుతుండేవాణ్ణి. ఫ్యాక్టరీలో కాల్చిన ఇంధనం ఎక్కడెక్కడ ఖర్చవుతోందో, ఎక్కడ వృథా అవుతోందో వెతికిపెట్టే పని అది. ఇంట్లో ఫ్యాను ఆపకుండా బయటికొచ్చే మనిషికి ఈ ఉద్యోగం ఎవరిచ్చారని మా ఆవిడ అప్పుడప్పుడూ ఆరా తీసేది.

పండ్ల గుజ్జు తీసే ఒక పెద్ద కంపెనీకి పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి ఫ్యాక్టరీలుండేవి. గుజ్జు కొనే విదేశీ కంపెనీలు తమ దేశాల నిబంధనలు చూపించి, టన్ను గుజ్జుకు ఎంత కార్బన్ వదులుతున్నారు, ఎంత తగ్గిస్తారు అని అడగడం మొదలుపెట్టాయి. తగ్గించాలంటే కొత్త బాయిలర్లు కావాలన్నారు. రెండు చోట్లా కొనేంత ఖర్చు పెట్టలేమని బెంగళూరు హెడ్డాఫీసు తేల్చేసింది. ఎక్కువ ఇంధనం తాగే ఫ్యాక్టరీని మూసేసి, దాని పని రెండోదానికి మార్చాలని ఆలోచన. ఏది ఎక్కువ తాగుతోందో చెప్పాల్సింది నేను.

పుంగనూరు లెక్క ఒక్కరోజులో కుదిరింది. కుప్పం లెక్క మూడు రోజులైనా కుదరలేదు. బాయిలర్ చేసిన ఆవిరికీ, యంత్రాలకు అందిన ఆవిరికీ పొంతన లేదు. పొగగొట్టం వేడి కొలిచాను. డ్రాయింగ్ చేతిలో పట్టుకుని పైపుల వెంట నడిచాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు రాయడానికి మా వృత్తిలో ఒక గౌరవమైన మాట ఉంది: అన్‌అకౌంటెడ్ లాస్, లెక్కకు రాని నష్టం. 'నాకు తెలీదు' అని చెప్పి ఫీజు తీసుకునే పద్ధతి అన్నమాట.

బాయిలర్ ఆపరేటర్ మునెప్పను అడిగాను. "ఏమప్పా, ఆవిరి యాడికి పోతాండాది?"

"నా నోట్లోకైతే పోలేదు సార్. బాయిలర్ ముసిలిదయిపోయిండాది. ముసిలోళ్లు రోంత ఎక్కువే తాగుతారు."

మూడో రోజు మధ్యాహ్నం నాకు క్యారియర్ లేదు. పండ్లు కోసే విభాగంలో సిద్దమ్మ అని ఒకామె, శాంతిపురం దగ్గరి పల్లె నుంచి రోజూ వచ్చేది. "యాల సార్, ఖాళీ కడుపుతో కూసోనుండారు? రాండి, మాతో రెండు ముద్దలు తిందురు" అంది. రాగి సంగటి, పప్పు. ముద్ద విరిస్తే పొగలొచ్చాయి. కర్బన ఉద్గారాలు తగ్గించడానికొచ్చిన నేనే, రెండు ముద్దలయ్యాక నిండుగా ఒక ఉద్గారం వదిలాను. త్రేన్పుకు పండితులు పెట్టిన పేరు కూడా అదే మరి.

అప్పుడు తట్టింది. "అమ్మా, తెల్లారకముందే వండిన సంగటి కదా. ఇప్పటిదాకా ఇంత వేడిగా ఎట్లుంది?"

పక్కనే తింటున్న మునెప్ప ఉన్నట్టుండి పైకప్పును పరిశీలించడం మొదలుపెట్టాడు.

"ఊరికే ఉండు మునెప్పన్నా" అంది సిద్దమ్మ, అతను నోరు తెరవకముందే. "ఆయప్పకు కూడు పెట్టి అబద్ధం చెప్తే బాగుండదు. రాండి సార్, సూపిస్తా."

గోదాము వెనక, ఎప్పుడో మూతపడిన జామ్ విభాగం. అక్కడికి వెళ్లే ఆవిరి పైపు నా డ్రాయింగ్‌లో మూసేసి ఉంది. నిజంలో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వేడి పోకుండా పైపుకు చుట్టే పొరను లాగింగ్ అంటాం. దాన్ని బారెడు మేర ఊడదీసి, పైపు మీద క్యారియర్లు వరసగా పేర్చారు. మూతల మీద పేర్లు గోకి ఉన్నాయి. పైపు చల్లారకుండా చివరి వాల్వు కాస్త తెరిచిపెట్టారు. దాంతో ఆవిరి పొద్దంతా గోడవతల కాలువలోకి పోతోంది. నాబోటివాడు వస్తే గోనెపట్టలు కప్పేవారట. వాటి పక్కనుంచి నేను రెండుసార్లు నడిచాను. ఎండాకాలం కదా అనుకుని చెమట తుడుచుకున్నాను కూడా. ఆ కాలువలోకే నా పరువూ ఆవిరై పోయింది.

"సల్లారితే సంగటి రాయైపోతాది సార్" అంది సిద్దమ్మ. "ఇది రాసేస్తారా?"

"రాయకపోతే ఫ్యాక్టరీయే ఉండదమ్మా" అని హెడ్డాఫీసు ఆలోచన చెప్పాను.

మా వెనకే వచ్చిన మునెప్ప క్యారియర్ల వరసకేసి చూశాడు. "అంటే, మా సంగటే మా ఫ్యాక్టరీని మింగతాండాదా సార్?" అని, వెళ్లి వాల్వు తనే బిగించాడు.

మర్నాడు మళ్లీ కొలిచాను. లెక్క కుదిరింది. కుప్పం పుంగనూరుకు సమానంగా వచ్చింది, పిసరంత మెరుగు కూడా. కానీ చల్లటి సంగటి బాధ్యత ఇప్పుడు నా మీద పడింది. యంత్రాల్లో పని ముగించుకుని ఆవిరి వేడినీళ్లుగా తిరిగొస్తుంది, దాన్ని కండెన్సేట్ అంటాం. ఆ నీళ్లు బాయిలర్ ట్యాంకుకు వెళ్లే పైపు చుట్టూ మునెప్ప ఒక రేకుపెట్టె బిగించాడు. క్యారియర్లు అందులోకి మారాయి. ఆవిరి చుక్క కూడా కాలువ పాలు కాలేదు. పెట్టె తీసుకునే కాస్త వేడినీ రిపోర్టులో రాశాను: భోజనాలకు.

హెడ్డాఫీసు మేనేజర్ ఫోన్ చేశాడు. "ఏంటండీ ఈ చివరి పద్దు?"

"లెక్కకు వచ్చిన నష్టం సార్. ఇది తీసేస్తే మళ్లీ లెక్కకు రాకుండా పోతుంది."

అటువైపు నవ్వు వినబడింది. ఆ పద్దు ఉండిపోయింది. కొత్త బాయిలర్లు కొనకుండానే, రెండు చోట్లా కొత్త లాగింగ్, మరమ్మతులతో కొనుగోలుదార్లు అడిగిన తగ్గింపు వచ్చింది. కుప్పం గేటు మూతపడలేదు.

అప్పటినుంచి ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా డ్రాయింగ్ తర్వాతే అడుగుతాను. ముందు, "మీరంతా అన్నం ఎక్కడ వేడి చేసుకుంటారు?" అంటాను. ఎవరైనా ఉన్నట్టుండి పైకప్పుకేసి చూస్తే, నా ఆవిరి దొరికినట్టే.